లోపలి రేవు

త్స్కాల్తుబోలో ఆ పాత శానిటోరియానికి లిఫ్టు లేదు.
లిఫ్టు గూడు ఉంది, అందులో కట్టెలు పేర్చుకున్నారు.
టూల్‌కిట్ మోసుకుంటూ మూడంతస్తులు ఎక్కాను.
పిండి చేతులతోనే తలుపు తీసి
లామారా అంది:
"నా డిస్కు వెళ్ళిపోతానంటోంది, మామూకా."

తెర కుడి మూల, గడియారం పక్కన
ప్లగ్గు బొమ్మ, దాని మీద పచ్చటి టిక్కు.
పెన్‌డ్రైవ్ పేరు కనిపించాల్సిన చోట
డబ్బాలో నాలుగు మరలతో బిగించిన డిస్కు పేరు,
దాని పక్కనే "తీసివేయి".
మొన్న మనవడు ఉచా ఆటగా నొక్కాడట.
డి డ్రైవు మాయం.
మళ్ళీ ఆన్ చేసి చూసేదాకా
ఆమె మంచినీళ్ళు ముట్టలేదట.

"పాడవలేదు," అన్నాను, "కదల్లేదు కూడా.
మదర్‌బోర్డు పొరబడింది, అంతే.
ఈ పోర్టులో ఎవరున్నా
చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళేనని దాని నమ్మకం."

ఆమె నవ్వలేదు.
"మా కార్డుల మీదా అదే రాశారు, తాత్కాలికమని.
అప్పుడు నా కూతురికి పాలపళ్ళు ఊడుతున్నాయి.
ఇప్పుడు దాని కొడుక్కి."

కేబుల్ మార్చాను. బొమ్మ అక్కడే.
పక్క పోర్టులో పెట్టాను. అక్కడికీ వెంట వచ్చింది.
బయోస్‌లో దిగి, హాట్ ప్లగ్ అనే వరస కోసం
నీలం పేజీలన్నీ గాలించాను.
కొత్త బోర్డుల్లో అయితే ఉంటుంది, ఆపేస్తే చాలు.
ఈ పదమూడేళ్ళ బోర్డుకి ఆ మాటే తెలీదు.
ఇక రిజిస్ట్రీయే గతి.
కంట్రోలర్ పేరు కింద ఒక పంక్తి చేర్చి
ఫలానా పోర్టుని లోపలిదిగా చూడమని రాయాలి.
ఒక్క అంకె, అంతకంటే ఏం లేదు.

పోర్టు అన్న మాటకి ఆమె తల తిప్పింది.
సుఖుమిలో వాళ్ళ కిటికీ రేవుకి ఎదురుగా ఉండేదట.
ఆ రేవులో ఓడలు.
నా రేవు చిటికెనవేలి గోరంత.

యంత్రం ఆరి వెలిగే లోపు
డిస్కులో ఏముందో చెప్పింది:
పెళ్ళి ఫోటో, తిబిలిసీ చెల్లెలి దగ్గర దొరికింది.
ఎనభై ఏడులో ఆరో తరగతి, పోతీలో ఉన్న శిష్యురాలు పంపింది.
అన్నీ ఎవరెవరి డ్రాయర్లలోంచో అడిగి తెచ్చుకున్న నకళ్ళే.
"అసలువి గోడ మీద ఉండిపోయాయి.
మా ఆయన వంకర లేకుండా మేకులు దిగ్గొట్టాడు, ఒక్కో ఫ్రేముకి నాలుగు.
ఆ సెప్టెంబరు రాత్రి పీకితే ఒక్కటీ రాలేదు.
పిండి జల్లెడ పట్టుకొచ్చాను.
ఎందుకు తెచ్చానో నన్నడక్కు."

తెర వెలిగింది. మూల ఖాళీ.
"ఇక దీన్ని ఎవరూ తీయలేరు," అన్నాను,
కొంచెం గర్వంగానే.

"ఎవరూనా?
నేను కూడానా?"

అప్పుడు చూశాను, తలుపు వెనక కొక్కేనికి
జిప్పు వేసిన సంచి. కాయితాలు, మందులు, ఉన్ని మేజోళ్ళు.
"ఉచా నొక్కకూడదు. నేను మాత్రం తీయగలగాలి.
ఎప్పుడని అడక్కు."

పోయింది మాటేనని, మరలు అలాగే ఉన్నాయని చెప్పాను.
నేల మీద దుప్పటి పరిచి నేర్పాను.
ముందు కరెంటు తీగ. తర్వాత పక్క రేకు.
సన్నటి తీగ, వెడల్పు తీగ, లాగేటప్పుడు చివర పట్టుకోవాలి.
మొదటిసారి చెయ్యి వణికింది, రెండోసారి మర సోఫా కిందికి దొర్లింది.
మూడోసారి పొయ్యి మీద బీన్సు పొంగే లోపు
డిస్కు ఆమె అరచేతిలో ఉంది,
రొట్టెముక్కంత వెచ్చగా.

మళ్ళీ బిగించేటప్పుడు రెండే మరలు పెట్టాను.
నా స్టార్ స్క్రూడ్రైవర్, పసుపు పిడిది, అక్కడే వదిలేశాను.
ఆమె దాన్ని సంచిలో పెట్టి జిప్పు వేసింది.

పుల్లరేగు పచ్చడి సీసా చంకలో పెట్టుకుని దిగుతుంటే
జేబులో రెండు మరలు మెట్టు మెట్టుకీ గలగలమన్నాయి.
బిల్లులో వాటి ఊసు రాయలేదు.